బుడుబుంగకు ఫ్రేమ్ సర్దబోయి

మొన్న మీటింగుల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో జెప్త, చాయ్ తాగుకుంట ఇనుండ్రి. నవ్వొస్తె నవ్వుండ్రి, ఏమనుకోను. ఆడ అందరు ఆల్రెడీ నవ్విన్రు.

మీకెరికే గదా, మేడ్చల్‌ల నాది ఫోటో స్టూడియో. పెండ్లిళ్లు, తొట్టెల ఫంక్షన్లు. పిట్టల ఫోటోలు ఈ నడుమనే షురువైనయ్. శామీర్‌పేట దిక్కు నీటి పిట్టల్ని కాపాడే గ్రూపు నడిపే రజిత మేడం ఫోన్ జేసింది. "తమ్మీ, అలియాబాద్ అవతల కుంటల నాచు పీకనీకె మిషిన్ తెస్తున్నరట. ఆడ ఒక మూలకు బుడుబుంగలు గుడ్లు పెట్టినయని నా అనుమానం. పిల్లలయ్యేదాక ఆ మూల ముట్టొద్దని అడుగుదాం. గని ఫోటో లేకుంటె ఎవ్వరు నమ్మరు" అన్నది. బుడుబుంగంటె అదే, ఈడ బుడుంగున మునిగి ఆడ తేలే చిన్న పిట్ట. "గూడు జోలికి మాత్రం పోకు" అని గూడ జెప్పింది.

"నాకు జెప్పాల్నా మేడం!" అన్న.

పొద్దుగాల్నే మా ఆవిడ సుజాతను తీస్కొని పోయిన. మస్తుంది లొకేషన్! తుంగ, పచ్చటి నీళ్లు, మెత్తటి ఎండ. పిట్ట ఆ చుట్టుపక్కలనే తిరుగుతాంది, గని గూడు యాడా కనవడ్త లేదు. పైంగ సరిగ్గ ఫ్రేమ్ నడుమ, గట్టుకు దగ్గర్లనే, మురిగిన నాచు కుప్ప ఒకటి. చూస్తెనే ఛీ అనిపిస్తాంది.

ఇగ నా అలవాటు మీకు తెల్సు. పెండ్లిల ఫోటో కొట్టేముందు స్టేజి మీది నీళ్ల బాటిళ్లు, గ్లాసులు తీసెయ్యంది నా చెయ్యి ఆగదు. ఒకపారి పెండ్లికొడుకు మేనమామనే పక్కకు జరిపిన! గట్టు మీద పొడుగాటి వెదురు కట్టె దొరికింది.

"ఉండనీరాదయ్యా, నీకేం అడ్డమొచ్చింది?" అన్నది సుజాత.

"బ్యాక్‌గ్రౌండ్ ఖరాబైతాంది. నీకు తెల్వదు, ఊకో" అని కుప్పను నెట్టిన.

కదల్లే. తుంగకు చుట్టుకొని ఉన్నది. ఇంకింత గట్టిగ నెట్టిన. కుప్ప ఒక దిక్కు ఒరిగి, పైన నాచు జారింది. పిట్ట ఒకటే ఒర్లుడు! నేనేమో ఒక చేతిల కట్టె, ఒక చేతిల కెమెరా. "అబ్బ, ఏం ఎక్స్‌ప్రెషన్! ఇటు జూడమ్మా" అనుకుంట క్లిక్ కొడ్తున్న.

సుజాత నా బుజం గట్టిగ పట్టుకున్నది. "ఏమయ్యా... ఆ కుప్పల తెల్లగ ఏందది?"

గుడ్లు!

బుడుబుంగ గూడంటె నాచు కుప్పనేనట. మనిషి అలికిడైతె గుడ్ల మీద నాచు కప్పి, ఏం తెల్వనట్టు నీళ్లల్లకు దిగుతదట. అది గంత తెలివిగ దాసుకుంటె, నేను బోయి దుప్పటి గుంజిన. కట్టె ఆన్నే తుంగల ఇడిసిపెట్టిన. గూడు ఊగి ఊగి నిలబడ్డది.

మేడంకు ఫోన్ జేస్తె తిట్టలే. తిడ్తెనన్న బాగుండు. "ముందు ఆడికెళ్లి లేవుండ్రి. మీరుంటె అది రాదు, ఎండకు గుడ్లు ఖరాబైతయ్" అన్నది.

రోడ్డు మీద, గూడు కనవడేతాన కార్ల కూసున్నం. సుజాత గూడు దిక్కే చూస్తాంది. పిట్టలకు మేలు చేద్దామని వచ్చి, మిషిన్ కంటె ముందు నేనే ముంచేటట్టున్న. ఫోటో సంగతే మర్సిపోయిన. అది రావాలె, గంతే.

వచ్చింది! గూడు చుట్టు తిరిగింది, ఆగి ఆగి చూసింది, ఎక్కి కూసున్నది. సుజాతకు కండ్లల్ల నీళ్లు. నాకు గూడ వచ్చినయ్, అబద్ధమెందుకు. కార్లకెళ్లే ఒక్క ఫోటో కొట్టిన.

మిషిన్ సంగతి తేల్చే మీటింగుల గా ఫోటోనే తెర మీద ఏసిన్రు. ఆఫీసర్ సారు కండ్లు చికిలించి, "గూడేదయ్యా? చెత్త గదా అది?" అన్నడు. మేడం ఎంత జెప్పినా తల ఊపుతడు గని నమ్మడు. ఇట్లయితె మిషిన్ దిగుడే. ఇగ నేను లేసి నిలవడ్డ.

"సార్, నేను గూడ చెత్తనే అనుకున్న. ఫ్రేముకు అడ్డమొచ్చిందని పొడిచిన. ఫోటోల గూడు పక్కన తుంగల కనవడ్తాంది జూడుండ్రి, గా కట్టె నాదే."

హాలంత ఒకటే నవ్వు. సారు గూడ నవ్వి, మిషిన్ కాంట్రాక్టర్ దిక్కు తిరిగిండు. "గూడు కోసమే పోయినోడికి గూడు కనవడకపాయె, నీ డ్రైవర్‌కేం కనవడ్తది? పిల్లలయ్యేదాక ఆ మూలకు పోవద్దు."

ఇన్నేండ్ల సంది ఫోటోలు కొడ్తున్న. నా ఫోటో చూసి గాదు, నా తెలివి చూసి పనయ్యుడు మాత్రం ఇదే మొదలు!