తలనొప్పి ఉన్నవారు వాడరాదు

మాత్రల డబ్బా విప్పగానే ముందు చేతికి తగిలేదీ, ముందు చెత్తబుట్టలో పడేదీ ఒకటే. నాలుగు మడతల సమాచార పత్రం. చీమలు సైతం కళ్లజోడు పెట్టుకుని చదవాల్సిన ఆ అక్షరాలను అచ్చుకు ముందు సరిచూడడమే ఆయన ఇరవై రెండేళ్ల ఉద్యోగం. ప్రెస్సులో అందరూ ఆయన్ను ‘భూతద్దం’ అనేవారు. ముఖం మీదే అనేవారు గనక అది బిరుదేనని ఆయన నమ్మకం.

ఆస్పిరిన్ పత్రమంటే ఆయనకు ప్రాణం. నీటి ఒడ్డున పెరిగే విల్లో చెట్టు బెరడును పూర్వులు జ్వరానికి నమలడం, ఆ సారం నొప్పి తగ్గించి కడుపును కాల్చడం, రసాయనవేత్తలు దాని పొగరు కాస్త అణచడం, ఒక పూలమొక్క పాత పేరులోంచి ముక్క తెంపి దీనికి పేరుగా అతికించడం, అంతా కంఠతా వచ్చు. భోజనాల దగ్గర అప్పజెప్పేవారు.

"నొప్పి నా మోకాలికండీ. మోకాలికి చరిత్రెందుకు?" అంటూ భార్య మాత్ర మింగి, పత్రాన్ని ఉండచుట్టి పారేసేది. చదవచ్చుగా అంటే, "ఇంటికొకరు చదివితే చాలదూ!" అనేది.

అంతటి మహానుభావుడి చేతుల మీదుగానే ఘోరం జరిగిపోయింది. ఆ ఆస్పిరిన్ పత్రంలోనే రెండు శీర్షికలు తారుమారయ్యాయి. ‘ఎవరు వాడాలి’ కింద కడుపులో పుండున్నవారు, రక్తం గడ్డకట్టనివారు, జ్వరమొచ్చిన పిల్లలు బారులు తీరారు. ‘ఎవరు వాడరాదు’ కింద తలనొప్పి, పంటినొప్పి, ఒళ్లునొప్పులవారు దోషుల్లా నిలబడ్డారు. రెండు లక్షల పత్రాలు డబ్బాలకెక్కి వెళ్లిపోయాక గాని అది ఆయన కంటబడలేదు.

ఉద్యోగం పోతుందేమోనని ఒక నెల, ఎవరి ప్రాణమైనా పోతుందేమోనని మరో నెల వణికారు. మనుషులన్నాక భయాలకు వరస ఉంటుంది గదా. ఈలోగా ఫిర్యాదు ఒక్కటే వచ్చింది. కాగితం మరీ నున్నగా ఉందట, చెవిలో తిప్పుకోవడానికి వీలుగా లేదట.

మూడో నెలకు భయం పోయి రోషం వచ్చింది. వెళ్లి యజమాని ముందు నిలబడి అంతా చెప్పేశారు.

యజమాని టీ కప్పు దించాడు. "ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"లేదండీ."

"అంటే ఎవరూ చదవలేదన్నమాట."

"ఒక్కరంటే ఒక్కరు చదవలేదండీ!"

"మరి ఎవరూ చదవనిదాన్ని ముందుగా చదివిపెట్టడానికి మీకు జీతం దేనికి, పెద్దాయనా?" అన్నాడు యజమాని, నిజంగానే ఆశ్చర్యపోతూ. "తప్పు చేసినందుకు కాదు సుమా. తప్పుదేముంది! కానీ ఒకటో తారీఖు నుంచి రానక్కర్లేదు."

ఇల్లు చేరేసరికి తల పగిలిపోతోంది. జరిగింది విని భార్య డబ్బా తెచ్చి విప్పింది. "ముందిది వేసుకోండి."

పత్రం ఉండ కాబోతుండగా ఆయన లాక్కుని, పరిచి, భూతద్దం పెట్టి మొదటినుంచి చివరిదాకా చదివారు. ఆ రెండు లక్షల్లో ఒకటి. మాత్రను జాగ్రత్తగా డబ్బాలో పెట్టేశారు.

"తలనొప్పి ఉన్నవారు వాడరాదట."

"అయ్యో రాత! ఆ తప్పు మీదేగా!"

"నాదే. కానీ అచ్చయ్యాక, ఒక్కడైనా పాటించాలి" అని, నుదుటికి తడిగుడ్డ చుట్టుకుని పడుకున్నారు.