ముచ్చిక ఊడకుండా

విజయవాడ బస్టాండులో నూజివీడు బస్సు ఉదయం ఐదున్నరకు కదిలింది. ఆధార్ చూపించి సున్నా టికెట్టు తీసుకుని, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను.

"చేతికి దెబ్బ తగిలిందా అండీ?" అని పక్కావిడ అడిగారు.

"లేదండీ, తగ్గిపోయింది," అన్నాను.

నిరుడు భుజం పట్టేసింది. నయమైందని డాక్టరు చెప్పి నాలుగు నెలలైనా ఆ చేతిని పైకెత్తాలంటే నాకు భయం. జడ మా అమ్మాయే వేస్తోంది. 'నా చెయ్యి' అనడం మానేసి 'ఆ చెయ్యి' అంటున్నాను. యోగా క్లాసులో కళ్లు మూసుకుని ఒంటి మాట వినమన్నారు. నాకు పక్కింటి మిక్సీ తప్ప ఏమీ వినపడలేదు. అదే క్లాసుకొచ్చే రత్తమ్మ గారికి ముసునూరు దగ్గర మామిడితోట ఉంది. "కోతలవుతున్నాయి, రండి. కళ్లు తెరుచుకునే విందురుగాని," అన్నారు.

ఏడింటికి నూజివీడులో దిగి, రెండు ఇడ్లీలు తిని, ముసునూరు ఆటో ఎక్కాను. ఎనిమిదికి తోటలో ఉన్నాను. వెళ్లదలచినవాళ్లు ఇంకా ముందే వెళ్లండి, ఎండెక్కితే కోత ఆపేస్తారు.

రత్తమ్మ గారు చిక్కం ఇచ్చారు. పొడవాటి వెదురుగడ, చివర వల, వల అంచున చిన్న కత్తి. భారమంతా ఎడమచేతి మీదే వేసి ఒక్క గుంజు గుంజాను. కాయ వల్లో పడింది గాని దాని తొడిమ, అక్కడివాళ్ల మాటలో ముచ్చిక, కొమ్మకే ఉండిపోయింది. కాయను తీయబోతే కుడి మణికట్టు మీద సొన పడి చురుక్కుమంది.

"ముచ్చిక ఊడితే సొన కారి కాయ మచ్చపడుద్దండీ. ఇక పప్పులోకే," అన్నారావిడ. "కోసేది చేత్తో కాదు, కాళ్లతో."

"కాళ్లతోనా?"

"చెప్పులిప్పండి. రెండు చేతులూ గడ మీదెయ్యండి. కాయ వల్లో కూర్చున్నాక దాని బరువు మడమల్లో తెలిసేదాకా ఆగండి. తెలిశాక కొంచెం వెనక్కి ఒరగండి, అంతే."

మట్టి ఇంకా చల్లగానే ఉంది. కుడిభుజం బిగిసిపోయి ఉందని తెలిసింది. ఊపిరి బిగబట్టానని కూడా అప్పుడే తెలిసింది, వదిలాను. కాయ బరువు గడ గుండా మోచేతుల్లోకి, నడుంలోకి, మడమల్లోకి దిగింది. వెనక్కి ఒరిగాను. అంగుళం ముచ్చికతో కాయ తెగింది.

ఏడుపొచ్చింది. రత్తమ్మ గారు చూడనట్టే మరో కొమ్మ చూపించారు. పదిన్నర దాకా కోశాను. ముచ్చికలు ఊడినవీ చాలానే ఉన్నాయి. భుజం లాగినప్పుడల్లా ఆగి, అది నొప్పా భయమా అని చూసుకున్నాను. ఎక్కువసార్లు భయమే.

మధ్యాహ్నం నేను పాడుచేసిన కాయలతోనే పప్పు, పైన నెయ్యి.

రెండింటికి తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. పాదాలు ఆనించి నిలబడ్డాను. బయట తోటలు వెనక్కి పోతున్నాయి. ఇన్నాళ్లూ భుజానికి మందు వాడానే గాని దాన్ని పలకరించలేదనిపించింది. ఆగిరిపల్లి దాటాక కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఎవరిదమ్మా ఆ చెయ్యి, దారికడ్డంగా? కాస్త తియ్యండి."

ఎవరిదా అని నేనూ పైకి చూశాను. కడ్డీ పట్టుకున్న ఆ చేతి మణికట్టు మీద సొన మరక ఉంది.

"నాదేనండీ," అన్నాను.