బంతిని చూడని విలేకరి

విల్బర్ హోస్కిన్స్ ఇరవై ఏళ్లు ఫుట్‌బాల్ విలేకరిగా పనిచేశాడు. ఒక్కసారీ బంతిని చూడలేదు.

మా ఒహాయోలో ఆడే ఆటలో బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేవాడొకడైతే, వాడికి దారి చెయ్యడానికి ముందువరుసలో ఎద్దుల్లా కుమ్ముకునేవాళ్లు ఏడుగురు. ఊరంతా ఆ ఒక్కణ్ణే చూసేది. విల్బర్ ఆ ఏడుగురినే చూసేవాడు. ఆయన వార్తలో ఎవరి మోకాలు ఎటు వంగిందో ఉండేది, ఎవరు గెలిచారో ఉండేది కాదు. పక్క బల్ల దగ్గర కూర్చున్న పాపానికి ఆ ముక్క నేను చేర్చేవాణ్ణి.

"నిన్న మనం గెలిచామా, విల్బర్?"

"ఏమో. ముందువరుసలో కొవాల్‌చిక్ మాత్రం ఒక్కడుగు వెనక్కి వెయ్యలేదు."

ఆ రోజుల్లోనే లీగువాళ్లు ఏటా ఉత్తమ ఆటగాడికి కప్పు ఇవ్వడం మొదలుపెట్టారు. ఎన్నుకునేది విలేకరులు. మా ఊరి ఓటు విల్బర్‌ది. మొదటి రెండేళ్లూ ఎవరూ వినని పేర్లు రాసి పంపాడు. మూడో ఏడు మా పరుగులవీరుడు ర్యాఫర్టీ పోటీలో ముందున్నాడు. ఎడిటర్ పిలిచాడు.

"ఈసారి ర్యాఫర్టీ పేరు రాయవయ్యా. ఈ ఊళ్లో బతకాలి మనం."

"రాయవలసిన పేరే రాస్తాను లెండి."

ర్యాఫర్టీ ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. పేపర్లో పడ్డ జాబితా అడుగున 'కొవాల్‌చిక్, 1' అని ఉంది. మంగలి విల్బర్‌కి సగం గడ్డం గీసి, "మిగతాది కొవాల్‌చిక్ చేత గీయించుకో" అని పంపేశాడు.

వారం తిరక్కుండా కొవాల్‌చిక్ భార్య, ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన 'పై' అనే తీపి వంటకం పట్టుకుని ఆఫీసుకొచ్చింది.

"మోకాలు పాడైందని మా ఆయన్ని జట్టులోంచి తీసేస్తూ కాగితం కూడా రాసేశారండి. జాబితాలో పేరు చూసి జట్టు యజమాని, వీడిలో ఎవరికో ఏదో కనబడిందని ఆఖరి ఆటంతా ఈయన్నే చూశాడట. కాగితం చింపేశాడు."

వెనకటి రెండేళ్ల పేర్లు గుర్తుచేసుకున్నాను. వాళ్లనీ తీసేస్తారని అప్పట్లో పుకారు. ఇద్దరూ ఇంకా ఆడుతూనే ఉన్నారు.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"ముందువరుసవాళ్లు వాళ్లలో వాళ్లు చెప్పుకుంటారు. వినేవాణ్ణి నేనొక్కణ్ణే," అన్నాడు విల్బర్, సిగ్గుపడుతూ.

మెట్లమీద బూట్ల చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే ర్యాఫర్టీ కారు.

"పెద్ద ముక్క కొయ్యమ్మా," అన్నాడు విల్బర్. "కోపం మీద వస్తున్నాడు."

ర్యాఫర్టీ తలుపు తోసుకొచ్చాడు. ఆవిణ్ణి చూసి టోపీ తీశాడు. సంగతి విని, కూర్చుని, ముక్కంతా తిన్నాడు.

"నాతో ఒక్క మాట చెప్పి ఆ ఓటు వెయ్యొచ్చు కదయ్యా," అన్నాడు చివరికి. "నేనేమన్నా వద్దంటానా?"

ఇంకో ముక్క కోసం పళ్లెం చాపాడు.