హిల్డా క్రాబ్‌ట్రీ ఎర్ర తలుపు

మా ఆకెన్‌షాలో శనివారం మధ్యాహ్నం ఊరంతా ఒకే దారి పడుతుంది. ఆ దారి చివర ఫుట్‌బాల్ స్టేడియం. దానికి కాస్త ఇవతల డయ్యర్స్ వీధి. ఆ వీధిలో ఎర్ర తలుపున్న ఇల్లు హిల్డా క్రాబ్‌ట్రీది, మూలమీదున్న చేపల వేపుడు కొట్టు నాది. కాబట్టి నేను చెప్పేది కళ్ళారా చూసిందే.

హిల్డా వాళ్ళమ్మ కాలంలో ఆటగాళ్ళకి మేడలూ కార్లూ లేవు. మా వీధుల్లోనే అద్దెకుండేవాళ్ళు. హిల్డా వాళ్ళ పైగదిలో ఒక గోల్‌కీపర్ ఉండేవాడట. లీగ్ ఆఖరి మ్యాచ్ రోజున ఆ మహానుభావుడు చేతి తొడుగులు మర్చిపోయి, సగం దారి నుంచి పరుగెత్తుకొచ్చి, తలుపు మీది ఇత్తడి కడియాన్ని దబదబా మూడుసార్లు బాదాడు. తొడుగులు దొరికాయి, ఒక్క గోలూ పడలేదు, ఆకెన్‌షా టౌన్‌కి లీగ్ దక్కింది. మళ్ళీ ఇంతవరకూ దక్కలేదనుకోండి, అది వేరే సంగతి. అప్పట్నుంచీ మ్యాచ్‌కి వెళ్ళే ప్రతివాడూ ఆ కడియాన్ని మూడుసార్లు కొట్టి పోవాల్సిందే. చంకలో పిల్లల చేత కూడా కొట్టించేవాళ్ళు.

ఆ ఇంట్లో మనుషులున్నారన్న ధ్యాస ఎవడికుంది? శనివారం వస్తే హిల్డా ఆ దెబ్బలకి అదిరి పడకుండా గూట్లో పళ్ళాలు దించి దుప్పట్లో చుట్టిపెట్టేది. రాత్రిపాళీ చేసొచ్చిన మొగుడు వాల్టర్ చెవుల్లో దూది కుక్కుకుని పడుకునేవాడు. పాపం, ఆయన పైగదిలో ఆఖరి ఊపిరి తీస్తున్నదీ శనివారమే. అప్పుడూ కొట్టారు. సాయంత్రం చాయ్ పట్టుకుని వెళితే హిల్డా ఏడవడం ఆపి, "మ్యాచయినా గెలిచారా వెధవలు?" అని అడిగింది. గెలవలేదు. ఒక్క గోలూ లేకుండా చప్పగా ముగిసిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అయినా ఆవిడ ఆ తలుపుకి ఏటా ఆగస్టులో ఎర్ర రంగు వేసేది, శుక్రవారం శుక్రవారం కడియం తోమేది. "మురికి కడియం పట్టుకున్నారంటే మా అమ్మకి తలవంపులు కదే," అనేది.

ఇక క్లబ్బు తరఫునా కౌన్సిల్ తరఫునా పేటని ఉద్ధరించే పెద్దలొచ్చారు. అసలు కథ వినండి. స్టేడియం పెంచాలని మా వీధుల్లో ఇళ్ళు ఒక్కొక్కటే కొన్నది వాళ్ళే. కిటికీలకి రేకులు కొట్టి ఏళ్ళ తరబడి వానకి వదిలేసిందీ వాళ్ళే. చివరికి ముక్కుమీద రుమాలు పెట్టుకుని, "అయ్యయ్యో, ఈ పేట పాడైపోయిందే!" అన్నదీ వాళ్ళే. లండన్ నుంచి ఎవరో మంత్రి వస్తున్నాడని తెలిసి, ఆ రేకుల మీద తెరలు, పూలకుండీలు, కిటికీలో కూర్చున్న పిల్లీ రంగుల్లో వేయించారు. మంత్రి కారు దిగకుండానే మెచ్చుకుని వెళ్ళిపోయాడు. హిల్డా పిల్లి మాత్రం ఎదురింటి బొమ్మ పిల్లిని చూసి రోజంతా గుర్రుమంటూ కూర్చునేది. ఆ వీధిలో మోసాన్ని పట్టుకున్నది అదొక్కటే.

హిల్డా ఇల్లు అమ్మనంది. "నేను ఈ ఇంట్లోనే పుట్టాను, ఇందులోంచే పోతాను. మధ్యలో మీ బేరమేంటి?" అని వచ్చినవాడి మొహానే తలుపేసింది.

చర్చి హాల్లో మీటింగ్ పెట్టారు. బల్ల మీద కొత్త పేట నమూనా, ప్లాస్టిక్ చెట్లు, మొహాల్లేని బొమ్మ మనుషులు. పెద్దల తరఫున రూపర్ట్ ఎల్విన్ అనే ఆయన పళ్ళికిలిస్తూ నిలబడ్డాడు.

"ఇందులో మా ఇల్లెక్కడ బాబూ?" అని వంగి చూసింది హిల్డా.

"అక్కడ ఫౌంటెన్ వస్తుందండీ, చాలా అందంగా ఉంటుంది."

వెనకనుంచి అభిమానుల సంఘం నాయకుడు బార్నీ ఓగ్డెన్ లేచాడు. మనిషి కంటే గొంతు పెద్దది. "ఫౌంటెనా? మరి మా తలుపో? ఆ తలుపు జోలికొస్తే నీ ఆఫీసు అద్దం ఒక్కటి మిగలదు, జాగ్రత్త!"

హాలంతా లేచింది. ఎల్విన్ మొహం పాలిపోయింది. బయటికెళ్ళి ఫోన్లో ఎవరితోనో గొణిగి, తిరిగొచ్చి చెయ్యెత్తాడు. "మాటిస్తున్నాను. తలుపుని కాపాడతాం!"

అబ్బ, ఆ కేకలు! హిల్డాని భుజాలకెత్తుకుని వీధంతా తిప్పారు. ఆవిడ ఏడుస్తూ నవ్వింది. నేనూ ఏడ్చాను, ఆ పూట అందరికీ చేపలు ఊరికే పెట్టాను. మర్నాడు ఆవిడ కొత్త తెరలు కొనుక్కొచ్చింది.

ఆ తెరలు ముడతలైనా పడకముందే ఇల్లు ఖాళీ చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. హిల్డా నన్ను వెంటబెట్టుకుని బార్నీ ఇంటికి వెళ్ళింది.

"బార్నీ, ఇల్లు కూలగొడతారట్రా."

"తలుపు ఉంచుతారుగా ఆంటీ!" అన్నాడు వాడు, శుభవార్త చెబుతున్నట్టు. "చట్రంతో సహా తీసి నిలబెడతారట. మనం గెలిచాం!"

నాకు ఒళ్ళు మండి నోటికొచ్చిందల్లా తిట్టాను. హిల్డా మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఇంటికి తీసుకెళ్ళవే," అంది. ఆ ఇంట్లో ఆవిడకి అదే ఆఖరి వారం.

ఊరవతల ఆరో అంతస్తులో వాటా ఇచ్చారు. చూడ్డానికి వెళితే, "ఇక్కడ శనివారం ఎప్పుడొచ్చి పోతోందో తెలియట్లేదే," అని కుమిలిపోయింది. పళ్ళాలు గూట్లో భద్రంగా ఉన్నాయి. దించాల్సిన పనే లేదు.

కొత్త పేట ప్రారంభం మ్యాచ్ రోజునే పెట్టుకున్నారు. ఫౌంటెన్ పక్కన అరుగు, అరుగు మీద చట్రంలో ఎర్ర తలుపు. ముందు ఖాళీ, వెనక ఖాళీ. వేలమంది జనం, అంతా ముందువైపే. ఎల్విన్ రిబ్బన్ కత్తిరించి, ఉపన్యాసం దంచి, కడియం పట్టుకుని మూడుసార్లు కొట్టాడు.

తలుపు తెరుచుకుంది.

అవతల హిల్డా, నడుముకి వంటగుడ్డ, చేతిలో తాళంచెవి. ఇల్లే లేని తలుపుకి తాళంచెవితో పనేముందని, ఖాళీ చేయించినప్పుడు అది ఇచ్చెయ్యమని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు మరి.

"ఎవరు కావాలి?"

ఎల్విన్ నీళ్ళు నమిలాడు. "అదీ... ఊరికే కొట్టామండీ."

"మా అమ్మ రోజుల నుంచీ ఊరికే కొడుతున్నారు కదయ్యా. తీసేదాకా ఒక్కడైనా ఆగాడా? ఇదిగో, ఇవాళ తీశాను. చెప్పు, ఏం పని?"

బార్నీ టోపీ తీసి బూట్ల వంక చూసుకున్నాడు.

"లోపలికి రమ్మందామంటే, లోపలన్నదే లేకుండా చేశారు," అంది హిల్డా. తలుపేసి తాళం తిప్పి, అవతలి వైపు నుంచే బస్సు దగ్గరికి నడిచింది.

ఆ శనివారం ఎవరూ కడియం ముట్టుకోలేదు. సిగ్గు ఎంతకాలం ఉంటుంది, పై శనివారం నుంచి మళ్ళీ మామూలే. కాకపోతే ఇప్పుడు మూడు దెబ్బలూ కొట్టాక ఒక్క క్షణం ఆగుతున్నారు. తీసే మనిషి లేదు.