తోచిన పని

రాఘవమ్మ భర్త పోయి చాలాకాలమైంది. పొలం ఆమె పేరనే ఉన్నా, ఎవరేది అడిగినా "మా మరిదిని అడిగి చెబుతాను" అనేది. ఆ మాటలో భయం లేదు, బాధా లేదు, అలవాటు ఉండేది. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల మధ్య పాదాలతో చాళ్లు తీస్తూ, ఆ ఎర్రటి ఘాటులో కలలో నడిచినట్టు తిరిగేది. ఎనభైనాలుగో సంవత్సరం ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం పెదకాకాని వైపు ఆకాశం నల్లబడింది. తడిస్తే ఏడాది పంటా బూజుపడుతుంది. మరిది అంకమ్మరావేమో గుంటూరు వెళ్లాడు.

"కాయలు ఎత్తమంటావా, వద్దా? మబ్బు కూడా మీ మరిదిని అడిగే కురుస్తుందా అమ్మా?" అంది కూలి వెంకటేశ్వరమ్మ.

రాఘవమ్మ చాలాసేపు ఆకాశంకేసి చూసి, "ఎత్తండి" అంది. రాశి పోసి పట్టలు కప్పారు. మబ్బు తేలిపోయింది, చుక్క రాలలేదు.

సాయంత్రం అంకమ్మరావు మండిపడ్డాడు. "బంగారం లాంటి ఎండ పాడుచేశావు గదా వదినా! ఎవర్నడిగి ఎత్తించావ్?"

"ఎవర్నీ అడగలేదయ్యా. నాకు తోచింది, ఎత్తించాను."

అంచనా తప్పింది, సందేహం లేదు. అయినా ఆమె ముఖంలో నొచ్చుకోలు కనిపించలేదు. మబ్బు విడిన ఆకాశం కింద పట్ట అంచు సర్దుతూ, "రేపు పొద్దెక్కాక మళ్లీ ఆరబోయిస్తాను" అంది, అతని జవాబు కోసం ఆగకుండా.