మూల గదిలో రెండో మంచం

ఇది నిజంగా జరిగింది. కల్పించేదైతే ఇంకాస్త బాగా కల్పించేవాణ్ణి, కనీసం చివర దెయ్యాన్నైనా చూపించేవాణ్ణి. అమ్మ నా సూట్‌కేసు అడుగున పెట్టిన బైబిల్ మీద ఒట్టు. దాని మీద ప్యాంట్లు నాలుగు మడతలు పేర్చింది మాత్రం నేనే.

గుంటూరు దగ్గర, హైవే పక్కన, పత్తి చేల మధ్య మా యూనివర్సిటీ. ఎంఏలో చేరిన రోజు వార్డెన్ గారు మాకు గొప్ప స్వేచ్ఛ ఇచ్చారు. "ఎవరు ఎవరితో ఉంటారో మీరే మాట్లాడుకుని, రేపు సాయంత్రంలోగా రిజిస్టర్‌లో రాయించుకోండి. రాయించుకోనివాళ్ళకు హాస్టల్ లేదు." బయట గది తీసుకునే స్తోమత మా ఇంట్లో లేదు. హాస్టల్ లేకపోతే నాకు చదువూ లేదు.

హాస్టల్లో ఏ, బి అని రెండు బ్లాకులు. ఆ పేర్లు ఆఫీసు పెట్టినవి. అసలు పేర్లు వేరే ఉన్నాయి. ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు.

మెస్‌లో రమేష్ అనే సీనియర్ నా పక్కన కూర్చున్నాడు. మంచివాడు. తన ప్లేట్లో అప్పడం విరిచి సగం నాకిచ్చాడు.

"ఏ ఊరు తమ్ముడూ?"

"ఒంగోలు అవతల అన్నా."

"అవతలంటే సముద్రం కూడా ఉందిరా. ఊరి పేరు చెప్పు."

చెప్పాను.

"ఓర్నీ, అక్కడ మావాళ్ళు ఉన్నారే! ఇంటిపేరేంటి?"

"ప్రసాద్ అన్నా."

"అది నీ పేరురా. ఇంటిపేరు?"

"ఎమ్ అన్నా."

"ఎమ్ అంటే?"

"ఎమ్మే అన్నా."

బల్లంతా నవ్వింది. రమేష్ కూడా నవ్వాడు. "సిగ్గుపడతన్నాడు. సరే, ఏ బ్లాకులో మా ఫ్లోర్‌లో ఒక మంచం ఖాళీ ఉంది. ఫ్యాను బాగా తిరుగుద్ది. రేపు పొద్దున్నే పూర్తి పేరు చెప్పు, నీకే రాయిస్తా."

ఆ రాత్రికి వాచ్‌మన్ కోటయ్య నన్ను బి బ్లాకు రెండో అంతస్తు చివరికి తీసుకెళ్ళాడు. మూల గది. రెండు ఇనుప మంచాలు. రెండూ ఖాళీ.

"ఇదెందుకు ఖాళీగా ఉంది?"

"బాత్రూం దూరం బాబూ."

అల్మారా తలుపు లోపల బ్లేడుతో చెక్కిన పేరు కనిపించింది. 'సురేష్'. దాని ముందు ఇంకేదో ఉండేది. దాన్ని చెక్క పైకి తేలేదాకా గీకేశారు.

"సురేష్ ఎవరు?"

"చదువుకున్నాడు. మధ్యలో ఎళ్ళిపోయాడు."

"ఎక్కడికి?"

కోటయ్య బల్బు వంక చూశాడు. "ఇది రేపు మారుస్తా" అని వెళ్ళిపోయాడు.

తలుపు గడియ పెట్టి పడుకున్నాను. పొద్దున చెప్పాల్సిన అబద్ధం అప్పటికే సిద్ధం చేసుకున్నాను. మా అమ్మ ఎవరి చేలో మిరప కోతకు వెళ్తుందో, ఆ ఆసామి ఇంటిపేరు. మా ఊళ్ళో దాన్ని మించిన ఇంటిపేరు లేదు. పెదాల మీద పదిసార్లు అనుకున్నాను. పదోసారికి బాగానే కుదిరింది. నిద్రపట్టింది.

ఎప్పుడో కరెంటు పోయింది. ఫ్యాను ఆగిన చప్పుడుకి మెలకువ వచ్చింది... మిరప ఘాటు. ముక్కులోకి, కళ్ళలోకి. అమ్మ ఇచ్చిన కారప్పొడి పొట్లం విప్పుకుందేమో అనుకున్నాను. అలా అనుకోవడం హాయిగా ఉంది.

తలుపు బయట దగ్గు. పొడి దగ్గు. ఎండు మిరపకాయల్లో తాలుకాయలు ఏరేవాళ్ళు దగ్గినట్టు... ఆ దగ్గు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

టక్... టక్...

"లోపల ఎవురు?"

"నేను."

"ఏ ఊరు?"

సీనియర్లు ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఊరు చెప్పాను.

దగ్గు ఆగింది.

"ఇంటిపేరు?"

ఎలాగూ పొద్దున చెప్పాల్సిందే కదా... చెప్పేశాను. ఆసామి ఇంటిపేరు. గొంతు వణకలేదు కూడా.



అప్పుడు... మెల్లగా... చాలా అలసిపోయినట్టు...

"నేనూ అట్టాగే చెప్పాన్రా."

ఆ మాట తలుపు దగ్గర నుంచి రాలేదు.

నా వెనక నుంచి వచ్చింది. రెండో మంచం మీద నుంచి.

తిరిగి చూడలేదు. ధైర్యవంతులు చూసేవారేమో, నాకు మెడ పనిచేయలేదు. గోడవైపు ముఖం పెట్టి, తెల్లారేదాకా అట్టే పడుకున్నాను. మధ్యలో ఒకసారి మంచం కిర్రుమంది.

తెల్లారాక చూస్తే అటు ఎవరూ లేరు. గడియ వేసినట్టే ఉంది. సూట్‌కేసు తెరిచాను. కారప్పొడి పొట్లానికి అమ్మ వేసిన ముడి వేసినట్టే ఉంది.

కింద కోటయ్య పళ్ళు తోముకుంటున్నాడు. "రాత్రి మీ గదిలో మాటలు ఇనపడ్డయి బాబూ. ఫ్రెండొచ్చాడా?"

"ఎన్ని గొంతులు?"

ఆలోచించాడు. "రెండు. కానీ రెండూ నీ గొంతు లాగే ఉన్నయి."

నిద్రలో నేనే అడిగి, నేనే జవాబు చెప్పుకున్నానా? అయ్యుండొచ్చు. అదే అయ్యుంటే బాగుండని ఇప్పటికీ అనుకుంటాను.

రిజిస్టర్ దగ్గర రమేష్ పెన్ను పట్టుకుని నిలబడి ఉన్నాడు. "చెప్పు తమ్ముడూ, పూర్తి పేరు."

మా అసలు ఇంటిపేరు చెప్పాను. ఊరికి ఏ వైపు ఉంటామో కూడా కలిపి చెప్పాను, అతనికి శ్రమ లేకుండా.

రమేష్ ముఖం మారలేదు. పెన్ను మూత మాత్రం పెట్టాడు. "అయ్యో తమ్ముడూ, ఆ మంచం ఇందాకే ఎవరో రాయించుకున్నారు" అన్నాడు. ఆ మంచం నేను చదివిన రెండేళ్ళూ ఖాళీగానే ఉంది. ఫ్యాను బాగా తిరిగేది.

మూల గది నా పేరున రాయించుకున్నాను. పోటీ లేదు. తోడుగా కూడా ఎవరూ రాలేదు.

ఆ గొంతు మళ్ళీ వినబడలేదు. ఒక్క రాత్రి మాత్రం, పరీక్షల ముందు, కరెంటు పోయినప్పుడు ఆ ఘాటు మళ్ళీ వచ్చింది. ఈసారి భయం కంటే జాలి ఎక్కువ వేసింది. పలకరిద్దామనుకున్నాను. చీకట్లో అటు తిరిగి, మెల్లగా అడిగాను...

"సురేషూ... మీదే ఊరు? ఇంటిపేరేంటి?"

అడిగాక నాలుక కరుచుకున్నాను.

రెండో మంచం కిర్రుమంది... ఎవరో అటు తిరిగి పడుకున్నట్టు.