పేరు చెప్పలేదు, ఊరు చెప్పాను

ఆరేళ్లుగా ఒక తప్పును మోస్తున్నాను. మోయడం అంటే ఏదో కుంగిపోయాననుకునేరు. అదేం లేదు. వేళకు తిన్నాను, నిద్రపోయాను, రిటైరైనప్పుడు మన తెలుగువాళ్లు సభ పెడితే వంగి మరీ శాలువా కప్పించుకున్నాను. అందుకే నన్ను చూస్తే నాకే రోత. ఇంట్లోవాళ్లకు చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అమెరికాలో ఒక మహానగరపు ఇంగ్లీషు దినపత్రికలో నగర వార్తల ఎడిటర్‌గా పనిచేశాను. ఇరవై ఏళ్లు గొడ్డుచాకిరీ చేసి ఆ కుర్చీ ఎక్కాను. కొత్త రిపోర్టర్లకు నేను చెప్పే మొదటి పాఠం ఒకటే. మనల్ని నమ్మి రహస్యం చెప్పినవాళ్ల ఆనవాలు ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. పేరొక్కటే కాదు. వయసు, కాలేజీ, సొంత ఊరు, ఏది వార్తలో కనబడినా కొట్టేసేవాణ్ణి.

ఇళ్ల ధరలు కూలిన మరుసటి ఏడాది మార్తా అనే మా రిపోర్టర్ ఒక కథనం తెచ్చింది. మా నగరానికి దగ్గర్లోని పార్సిప్పనీలో ఒక తెలుగాయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కన్సల్టెన్సీ నడుపుతున్నాడు. ఇండియా నుంచి వచ్చిన పిల్లలకు లేని అనుభవం ఉన్నట్టు రెజ్యూమేలు రాయించి, ఎదురు తిరగకుండా వాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు తన బీరువాలో పెట్టుకుంటాడు. అక్కడ పనిచేసే ఒక అమ్మాయి ధైర్యం చేసి మార్తాకు రుజువులు ఇచ్చింది. వాటిలో ఆయన తెలుగులో పంపిన మెసేజ్‌లు ఉన్నాయి. వాటి సంగతి తేల్చుకోవడానికి ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను.

నా గొంతు వినగానే "అంకుల్, మీరు తెలుగా!" అని ఏడ్చేసింది. నేనేం అడిగాను? మనవాళ్లెవరైనా మొదట అడిగేదే. "ఏ ఊరమ్మా మీది?" చెప్పింది. చిన్న ఊరు. కథనానికి ఆ వివరం అక్కర్లేదు. మార్తాకు అది తెలియనే తెలియదు. నోరు ఊరుకోక అడిగాను, అంతే.

వార్త వేసేముందు ఎదుటిపక్షం మాట కూడా తీసుకోవాలి. మార్తా ఆయనకు ఫోన్ చేసింది. ఆ వారంలోనే ఆయన కొత్తింట్లో సత్యనారాయణ వ్రతం. నాకు పిలుపొచ్చింది. వెళ్లకూడదు. వెళ్లాను. ఎందుకు? ఆఫీసులో ఎంత ఎదిగినా, నా పేరు సరిగ్గా పలకలేనివాళ్ల మధ్య నేనొక ఉద్యోగిని. మనవాళ్ల ఇళ్లలో మాత్రం "ఎడిటర్ గారు". లేచి సోఫా ఖాళీ చేసి కూర్చోబెడతారు. ఆ సోఫా కోసం వెళ్లాను. ఛీ, ఎంత చవక మనిషిని!

వ్రతం అయ్యాక బేస్‌మెంట్‌లో భోజనాలు. ఆయన ప్లేటు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మీకు చెప్పిందెవరో మీరు పేరు చెప్పరని నాకు తెలుసండీ. నేను అడగను కూడా."

"అడిగినా చెప్పను," అన్నాను ఛాతీ విరుచుకుని.

"అబ్బే, మీ సంగతి నాకు తెలీదా! అయినా మన వైపు పిల్లలు ఇట్టాంటి పని చెయ్యరులెండి. హైదరాబాద్ బ్యాచ్ అయ్యుంటది."

"హైదరాబాద్ ఏంటండీ బాబూ," అని నవ్వి, ఊరి పేరు చెప్పాను.

ఇక్కడ రాయను. ఒకసారి చెప్పింది చాలు.

"ఓహో," అన్నాడు. "పులిహోర ఇంకాస్త వేయించుకోండి అన్నగారూ."

వేయించుకున్నాను. ఆయన కంపెనీలో ఆ ఊరి మనిషి ఒక్కతే.

నోరు జారిందా? అలా అనుకుంటే ఎంత హాయి! కానీ ఏళ్ల తరబడి ఇతరుల రాతల్లోంచి ఊరి పేర్లు కొట్టేసినవాడికి, ఊరు తెలిస్తే మనిషి తెలుస్తుందని తెలియదా? తెలుసు. ఆ క్షణంలోనూ తెలుసు. అయినా ఆ పెద్దమనిషి పక్కన నేనూ మనవాణ్ణే అనిపించుకోవాలన్న యావ ముందు, ఫోన్‌లో ఏడ్చిన పిల్ల నాకు గుర్తురాలేదు. వాడు దొంగ. దొంగ పెట్టిన పులిహోర తిని నమ్మినవాళ్లను అప్పగించిన నేను వాడికన్నా హీనం.

పదిహేను రోజుల్లో ఆమె ఉద్యోగం పోయింది. వీసా రద్దుకి ఆయనే కాగితాలు పంపాడు. ఆ అమ్మాయి మార్తాకు ఒకే ఒక్క మెయిల్ పెట్టింది, మిమ్మల్ని నమ్మడం నా బుద్ధితక్కువ అని. తర్వాత ఫోన్ ఎత్తలేదు. సర్టిఫికెట్లు లేకుండానే ఇండియా వెళ్లిపోయిందని విన్నాను. ఆమె మాట తోడు లేక కథనం ఆగిపోయింది.

మార్తా నా గదిలోకి వచ్చి, తన వల్లే ఎక్కడో పొక్కిందని తల పట్టుకుంది. అప్పుడైనా చెప్పాలి కదా? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నా కొంత నయం. నేను ఎడిటర్‌ని కదా, ఉపదేశం చేశాను. నోట్‌బుక్ ఎక్కడ వదిలేశావో, ఎవరితో మాట్లాడావో సరిగ్గా గుర్తుచేసుకో అన్నాను. పాపం, వారం రోజులు గుర్తుచేసుకుంది. ఏడాది తిరక్కుండా పత్రికా రంగమే వదిలేసింది. వెళ్లేరోజున, నలుగురిలో తనను తప్పుపట్టనందుకు నాకు థ్యాంక్స్ చెప్పింది. ఫర్వాలేదు అన్నాను.

ఇది ఇంగ్లీషులో రాయొచ్చు. అప్పుడు మార్తా చదవగలిగేది. అందుకే తెలుగులో రాస్తున్నాను. ఇప్పటికీ నా ధైర్యం ఇంతే, చూసుకోండి. రాస్తుంటే గుండె కాస్త తేలికైన మాట నిజం. ఆ తేలికకు కూడా నేను తగను. క్షమాపణ అడగను. అడగడానికీ ఒక మొహం ఉండాలి.

కానీ ఆ అమ్మాయికి తెలుగు వచ్చు. ఎక్కడో ఒకచోట చదువుతుందేమో.

అమ్మా, మార్తా నిన్ను మోసం చెయ్యలేదు. నీ ఊరు ఆయనకు చెప్పింది నేను.